నేను గీసిన నాలుగో గడి

మొన్నామధ్య ఒక కాలేజీ నుంచి ఇద్దరు కొత్త లెక్చరర్లు మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ ఆడపిల్లలే. వాళ్ల కాలేజీలో మైనారిటీ విద్యార్థినుల కోసం ఒక సంఘం పెడుతున్నారట. "మేడం, మీరు ఎప్పుడో నలభై ఏళ్ల కిందటే ఇలాంటిది నడిపారట కదా, ఏమైనా సలహా చెప్పండి" అన్నారు. సభ్యత్వం ఫారం కూడా అచ్చు వేయించి తెచ్చారు. కళ్లజోడు పెట్టుకుని చూశాను. పేరు, తండ్రి పేరు, తరగతి, మతం, కులం, వెళ్లే చర్చి లేదా మసీదు. "సంఘం తప్పకుండా పెట్టండి తల్లీ, ముందు ఈ ఫారం చింపేయండి" అన్నాను. పాపం, ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి వాళ్లకి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. గొప్పకి చెప్పుకునేదేం కాదు. ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే.

ఎనభైల మొదట్లో నేను అమలాపురంలో ఒక కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. ఆడ లెక్చరర్లం ఇద్దరమే ఉండేవాళ్లం. రెండో ఆవిడ పురిటికి వెళ్లడంతో లేడీస్ వెయిటింగ్ రూమ్ బాధ్యత నా నెత్తిన పడింది. ఇప్పటి పిల్లలకి ఆ గది సంగతి తెలియదు. మగపిల్లలు కూడా చదివే కాలేజీ కాబట్టి, ఖాళీ పీరియడ్ వస్తే ఆడపిల్లలందరూ వెళ్లి ఆ గదిలో కూర్చోవాలి, అంతే. ఒక పొడుగాటి బల్ల, రెండు చాపలు, గోడకి ఒక అద్దం, మూల మంచినీళ్ల కుండ.

ఆ గదిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ రాసి పెట్టలేదు. అయినా అగ్రహారాల వాళ్లూ, కొబ్బరి తోటలున్న వాళ్లూ బల్ల మీద కూర్చునేవారు. పేటల నుంచి వచ్చే క్రిస్టియన్ పిల్లలు గుమ్మం దగ్గర చాప మీద, ముస్లిం పిల్లలు నలుగురూ కిటికీ కింద. నేను రోజూ ఆ గదిలోకి తొంగి చూసి, గొడవ లేకుండా ఉన్నారు కదా అని తృప్తిగా వెళ్లిపోయేదాన్ని. రెండేళ్లు అలాగే చూశాను. ఆకు వెనక ఉన్న సన్నటి నూగు కూడా చూసి చెప్పగలిగే నా కళ్లకి అది ఆనలేదు.

ఒకరోజు ప్రాక్టికల్స్‌లో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చిందట. పక్క బల్ల దగ్గర పిల్ల నీళ్లకి పరిగెత్తింది. ఎంతకీ రాదు. చూస్తే గ్రౌండ్ అవతల కుళాయి దగ్గర నుంచి చెంబుతో ఆయాసపడుతూ వస్తోంది. "పక్క గదిలో కుండ ఉంది కదే, అంత దూరం ఎందుకు పోయావు?" అని కేకలేశాను.

"అది మాది కాదండి మేడం" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. కోపం ఎవరి మీదో తెలియక కుండ మీద చూపించాను. దాన్ని తీసుకెళ్లి లాబ్ వెనక మొక్కలకి నీళ్లు పోయడానికి పెట్టేశాను. మర్నాడు వెయిటింగ్ రూమ్‌లోకి కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము వచ్చింది. బల్ల మీద పిల్లలు రెండు రోజులు మూతులు ముడుచుకున్నారు. మూడో రోజు ఎండకి తట్టుకోలేక వాళ్లూ తాగారు.

పడిపోయిన పిల్లది రాజోలు వైపు. నీళ్లు తెచ్చిన పిల్లది కొత్తపేట, ముస్లింల అమ్మాయి. నాకు పేర్లు గుర్తుండవు. మొక్కల పేర్లు తప్ప మనుషుల పేర్లు బుర్రకెక్కవు. అందుకని పిల్లల్ని ఊళ్ల పేర్లతోనే పిలిచేదాన్ని. "ఏమే రాజోలూ", "ఇలా రా కొత్తపేటా" అని. వాళ్లూ నవ్వుకునేవారు. ఇక్కడ కూడా అలాగే చెబుతాను. రాజోలు సన్నగా, పొట్టిగా ఉండేది. మాట తక్కువ. మైక్రోస్కోపు కింద పెట్టే మొక్క కాడ సెక్షన్ కోస్తే మాత్రం ఉల్లిపొర కంటే పల్చగా కోసేది. వాళ్ల నాన్న కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీసే మనిషి. వాళ్ల పేటలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అదే. అమలాపురంలో హరిజన బాలికల ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆ హాస్టల్ పేరు అప్పట్లో అదే. కొత్తపేట స్వభావం రాజోలుకి పూర్తిగా విరుద్ధం. గలగలా మాట్లాడేది, ఎవరినైనా ఆటపట్టించేది, నన్ను కూడా వదిలేది కాదు.

ఆ ఇద్దరితో మొదలైంది సంఘం. పేరు 'తోడు' అని పెట్టింది కొత్తపేటే. క్రిస్టియన్ పిల్లలూ, ముస్లిం పిల్లలూ కలిపి ఇరవై మంది దాకా చేరారు. ప్రతి గురువారం భోజనాల వేళ నా లాబ్‌లో కూర్చునేవారు. పెద్ద పెద్ద పనులేం చేయలేదు. రాజోలు వైపు వెళ్లే పిల్లలు అప్పట్లో ఏరు దాటాలంటే పంటు ఎక్కాలి. రెండు పడవలు కలిపి కట్టిన దాని మీద మనుషులూ సైకిళ్లూ గేదెలూ అన్నీ ఎక్కేవి. సాయంత్రం పొద్దుపోయాక ఒంటరి ఆడపిల్లకి అది కష్టం. నలుగురు కలిసి వెళ్లేలా చూసుకునేవారు. ఒకరి పుస్తకాలు ఒకరు వాడుకునేవారు. ఇంట్లో మేనరికం అంటున్నారని ఒక పిల్ల చదువు మానేస్తే, కొత్తపేట తన నాయనమ్మని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లి, మూడు గంటలు కూర్చుని మాట్లాడి వెనక్కి తీసుకొచ్చింది. ఆదివారాలు పెట్టే స్పెషల్ క్లాసులు శనివారానికి మార్పించారు. ఆ దెబ్బతో స్టాఫ్ రూమ్‌లో ఒకరిద్దరికి మా మీద కంటగింపు మొదలైంది. నేను పట్టించుకోలేదు. పైగా గర్వపడ్డాను.

ఆ గర్వమే కొంప ముంచింది.

ఏడాది చివర కాలేజీ మ్యాగజైన్‌లో సంఘం గురించి ఒక పేజీ ఇస్తామన్నారు. ఎగిరి గంతేశాను. ఇక్కడ మా సబ్జెక్టు అలవాటు ఒకటి చెప్పాలి. మొక్కని ఎండబెట్టి అట్ట మీద అతికించాక కింద చీటీ పెడతాం. పేరు, కుటుంబం, దొరికిన చోటు. ఆ చీటీ లేని మొక్క మాకు గడ్డితో సమానం. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన చెయ్యి ఊరుకుంటుందా? సభ్యుల పట్టిక తయారుచేశాను. స్కేలు పెట్టి నాలుగు గడులు గీశాను. పేరు, తరగతి, ఊరు, మతం. ఎవరినీ అడగలేదు. నాకు తెలిసినదే ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేశాను.

అచ్చుకి వెళ్లేముందు పిల్లలకి చూపించాను. రాజోలు అది చదివి చివరి గడి మీద వేలు పెట్టింది.

"మేడం, ఆ నాలుగో గడి తీసేయకూడదాండి?"

"ఏం? ఎందుకు తీసెయ్యాలి?"

"ఊరికేనండి. పేర్లుంటే చాలు కదాండి."

నాకు కోపం వచ్చింది. కుండ రోజు వచ్చినంత కోపం వచ్చింది. "సిగ్గా? ఎందుకే సిగ్గు? ఎవరికి భయపడాలి? తలెత్తుకుని చెప్పుకోమనే కదా ఇంత కష్టపడి సంఘం పెట్టింది!" అని చెడామడా తిట్టాను.

"ఆయ్, అలాగేనండి" అంది. ఆ పిల్ల ఎందుకు అడిగిందో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నెమ్మదిగా అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మ్యాగజైన్ వేసవిలో వచ్చింది. రాజోలు ఫైనలియర్‌లోకి వచ్చింది. దసరా సెలవులు అయిన వారం రోజులకి మా ఆఫీసు హెడ్ గుమాస్తా గారు లాబ్‌కి వచ్చారు. ఆయన క్రిస్టియన్. పెద్ద వయసు, మెల్లని మాట, ఎంత పెద్ద విషయమైనా తుండుతో మొహం తుడుచుకుని మొదలుపెట్టేవారు. ఆ రోజు రెండుసార్లు తుడుచుకున్నారు.

"అమ్మగారండీ, కాకినాడ జిల్లా ఆఫీసుకి ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాసేరండి. మన పుస్తకంలో పేజీ చింపి దానికి జత చేసేరు. ఫలానా అమ్మాయి క్రిస్టియనని కాలేజీ వాళ్లే అచ్చు వేయించేరు, మరి హరిజన హాస్టల్లో ఎలా ఉంటోందీ అని. విచారణకి ఆఫీసరు గారు వస్తున్నారండి."

"అయితే ఏమైంది?" అన్నాను. నిజంగానే నాకు అర్థం కాలేదు.

ఆయన నా వంక జాలిగా చూశారు. స్టూలు లాక్కుని కూర్చుని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. మతం మారినవాళ్లని ప్రభుత్వం ఎస్సీల్లో లెక్క వేయదు. వేరే వర్గంలో వేస్తుంది. ఆ హాస్టల్లో సీటు ఉండదు. "ఆ పిల్ల తాతగారు మారేరండి. మారితే ఏం మారిందండీ? పేట మారలేదు, కూలి మారలేదు, ఊళ్లో కాఫీ హోటల్లో ఆయనకిచ్చే గ్లాసు మారలేదు. రికార్డులో మాత్రం మారిపోవాలంటారు. చాలామంది పెద్దలు ఆలోచించి ఒక దారి చూసుకున్నారండి. వాళ్ల చర్చి సంఘంలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక ఎవరికి వారు ఒప్పుకుని నీళ్లలో దిగాలి. దిగేదాకా కాగితం మీద వాళ్లు క్రిస్టియన్లు కారు. అందుకని చదువు అయ్యేదాకా ఆగమంటారు. ఈ పిల్ల కూడా ఆగుతోందండి, మూడేళ్ల నుంచీ."

ఆ రోజు ఆ పిల్ల అడిగింది సిగ్గుపడి కాదన్నమాట. తన సీటు కాపాడుకుందామని అడిగింది. నేను ఉపన్యాసం దంచి పంపించాను.

"మీరు ముందే చూసి చెప్పకపోయారా?" అన్నాను.

"అచ్చయ్యాక చూసేనండి. అప్పుడు చెప్పి మిమ్మల్ని బాధపెట్టడం ఎందుకులే అనుకున్నాను. అదీ తప్పేనండి" అన్నారు.

పట్టికలో ఉన్నవాళ్లలో ఆ హాస్టల్లో ఉంటున్నది రాజోలు ఒక్కతే. సీటు పోతే మూట కట్టుకుని ఇంటికి వెళ్లిపోవాలి. ఇంటి నుంచి రోజూ రావాలంటే రెండు బస్సులు, మధ్యలో పంటు. సాయంత్రం ప్రాక్టికల్స్ అయ్యేసరికి ఆఖరి బస్సు కూడా పోతుంది. ఊళ్లో గది తీసుకుని ఉంచే స్తోమత వాళ్ల నాన్నకి లేదు. పరీక్షలకి ఇంకా అయిదు నెలలుంది. సీటు పోయిందంటే డిగ్రీ పోయినట్టే.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన మంచివారే, కానీ కాగితం చూస్తే చెమటలు పట్టే మనిషి. "నన్నేం చేయమంటావమ్మా? అచ్చు వేయించింది నువ్వు. తప్పు పడిందని నేనొక ఉత్తరం ఇస్తాను. ఆపైన ఆ పిల్ల ఏం చెబుతుందో దాన్ని బట్టి ఉంటుంది" అన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన సరిగ్గానే చెప్పారు.

విచారణ ముందురోజు మధ్యాహ్నం రాజోలుని లాబ్‌కి పిలిచాను. కొత్తపేట కూడా వెంట వచ్చింది. నేను కుర్చీలో కూర్చుని, ఆ పిల్లని ఎదురుగా నిలబెట్టి, "నేనే ఆఫీసర్ని అనుకో" అన్నాను.

"ఈ పుస్తకంలో నీ మతం అని రాసింది, నువ్వు చెబితే రాసిందేనా?"

"కాదండి. మేడంగారే రాసేరండి."

"బాగుంది. బాప్తిస్మం తీసుకున్నావా?"

"లేదండి."

"శభాష్. అయితే నువ్వు క్రిస్టియన్‌వి కావు. అంతేనా?"

నేల చూస్తోంది.

"చెప్పవే."

"మేడం, అంత మాట ఎందుకండి?" అంది కొత్తపేట. "బాప్తిస్మం లేదంటే చాలదాండి? నన్నడిగితే నేననలేనండి బాబూ అలాంటి మాట."

"నీకేం తల్లీ, నీ సీటు పోతోందా?" అని కసిరాను. మళ్లీ రాజోలు వైపు తిరిగాను. "నోటి మాటే కదే. అంటే ఏం ఊడిపోతుంది? మనసులో ఏముందో నీకూ దేవుడికీ తెలుసు. మీ నాన్న చెట్టెక్కి చెట్టెక్కి గుండెల మీద కాయలు కట్టించుకుని చదివిస్తుంటే, ఒక్క మాటకి అంతా నీళ్లపాలు చేస్తావా?"

"కానండి" అంది చివరికి, వినిపించీ వినిపించకుండా.

"గట్టిగా."

"కానండి."

పదిసార్లు అనిపించాను. లాటిన్ పేర్లు వల్లె వేయించినట్టు వల్లె వేయించాను. తడబాటు పోయేదాకా వదల్లేదు. అది దాని మంచికే అనుకున్నాను. నా తప్పు దిద్దుకుంటున్నాననుకున్నాను. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. అంత వయసొచ్చినా ఎదుటి పిల్ల మొహం చూడడం రాలేదు.

మర్నాడు పదకొండింటికి ఆఫీసరు గారి జీపు వచ్చింది. పెద్ద మీసాలవాడో, అరిచేవాడో వస్తాడనుకున్నాను. తీరా చూస్తే నెమ్మదైన మనిషి, చేతిసంచిలో ఫైలు పెట్టుకుని వచ్చారు. ప్రిన్సిపాల్ గారి గదిలో కూర్చున్నారు. గుమ్మం బయట రాజోలు వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. లోపల బెంచీ మీద కూర్చోమంటే, "పర్లేదండి, ఇక్కడే ఉంటానండి" అని వరండా స్తంభానికి ఆనుకున్నాడు. కొత్తపేటా, మిగతా సంఘం పిల్లలూ క్లాసులు మానేసి వరండా చివర గుంపుగా నిలబడ్డారు.

ముందు నన్నడిగారు. ఆ గడి నేనే గీశాననీ, నేనే నింపాననీ, పిల్లల్ని అడగలేదనీ చెప్పాను. అది అక్షరాలా నిజం కాబట్టి ధైర్యంగా చెప్పాను. తర్వాత రాజోలుని లోపలికి పిలిచారు.

మొదటి ప్రశ్న నేను అనుకున్నదే. "కాదండి" అంది. రెండో ప్రశ్న కూడా నేను అనుకున్నదే. "లేదండి" అంది. ఆఫీసరు గారు రాసుకున్నారు. కలం మూత పెట్టబోతున్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన ఫైలు వంక మళ్లీ చూసి, తల గోక్కుని, "ఏం అనుకోకమ్మా. నాకూ ఇక్కడ ఒక గడి ఉంది, నింపాలి. నువ్వు క్రిస్టియన్‌వి కావు. అలాగే రాసుకోనా?" అన్నారు.

రాజోలు నా వంక చూసింది. ఇప్పటికీ ఆ చూపు గుర్తుంది. చెప్పక్కర్లేదని నేనంటానేమో అన్నట్టు చూసింది. నేను తలూపాను. అను, అను అన్నట్టు కళ్లతో తొందరపెట్టాను.

"కానండి" అంది. తడబడకుండా, స్పష్టంగా అంది. నేను నేర్పినట్టే అంది.

ఫైలు మూసేశారు. సీటు నిలబడింది. ఆఫీసరు గారు జీపెక్కేముందు నన్ను పక్కకి పిలిచి, "ఇంకెప్పుడూ ఇలాంటివి అచ్చు వేయించకండి మేడం" అన్నారు. ఆయనకి అంతా తెలుసు. తెలిసే అడిగారు, తెలిసే రాసుకున్నారు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు.

నాకు కాళ్లు నేల మీద లేవు. అటెండర్ని పంపించి రెండు పొట్లాల కాజాలు తెప్పించాను. సంఘం పిల్లలందర్నీ లాబ్‌లోకి పోగేశాను. రాజోలు వాళ్ల నాన్న చేతిలో కూడా ఒకటి పెట్టాను. ఆయన దణ్ణం పెట్టి, "మీ రుణం తీర్చుకోలేమండి" అన్నాడు. అసలు ఆ ఆపద తెచ్చిపెట్టిందే నేనని ఆయనకి తెలియదు కాబోలు. తెలిసినా అలాగే అనేవాడేమో. రాజోలు కాజా చేత్తో పట్టుకుని కూర్చుంది. తినలేదు. పాకం వేళ్ల మీదుగా కారుతోంది.

"తినవే! గట్టెక్కేవు కదే!" అన్నాను.

తలెత్తింది. కళ్లనిండా నీళ్లు. "పొద్దున్నే బస్సెక్కేముందు మా అమ్మ నాన్నతో చెప్పి పంపిందండి మేడం. నేను గట్టెక్కాలని తెల్లారకుండానే లేచి మోకాళ్ల మీద ప్రార్థన చేసిందంట. హాస్టల్ గుమ్మంలో నేనూ చేసుకునే వచ్చేనండి. చేసుకుని వచ్చి, లోపల ఆ ప్రభువు మనిషిని కానని చెప్పేనండి. ఇప్పుడు మా అమ్మకి ఏమని చెప్పనండి?"

నేను పూజలూ వ్రతాలూ ఉన్న ఇంట్లో పుట్టినదాన్నే. కానీ నా దేవుడు నావాడు కాడని చెబితేనే చదువుకోనిస్తామని నన్నెవరూ ఎప్పుడూ అనలేదు. అందుకే అది నోటి మాటే కదా అనగలిగాను.

కొత్తపేట లేచి, రాజోలు చేతిలోంచి కాజా తీసి పక్కన పెట్టి, తన చున్నీతో ఆ వేళ్లు తుడిచింది. నా వంక తిరిగి, "మీరు నేర్పేరు కదండి మేడం" అంది. గట్టిగా కూడా అనలేదు. నాతో అంతవరకూ ఏ పిల్లా అలా మాట్లాడలేదు. చెంపదెబ్బ తగిలినట్టయింది.

ఆ తర్వాత గురువారం రాజోలు రాలేదు. పై గురువారమూ రాలేదు. క్లాసుకి వచ్చేది, సెక్షన్లు కోసేది, వెళ్లిపోయేది. మూడో గురువారం లాబ్‌లో నేను కూర్చుని చూస్తుంటే అసలు ఎవరూ రాలేదు. సంఘం పోయిందనే అనుకున్నాను. బయటికొచ్చి గుమాస్తా గారిని అడిగితే, "పిల్లలందరూ క్యారేజీలు పట్టుకుని హాస్టల్ వైపు వెళ్లేరండి" అన్నారు. మిట్టమధ్యాహ్నం ఎండలో మైలు దూరం నడిచి వెళ్లి, రాజోలు చుట్టూ కూర్చుని అన్నాలు తిని, మళ్లీ నడిచి వచ్చారట. ప్రతి గురువారం అలాగే చేశారు. తను లాబ్‌కి రాలేకపోతే మేమే తన దగ్గరికి వెళ్తామన్నారట. నన్ను రమ్మనలేదు. నాకు కష్టంగానే ఉంది. కానీ నేను పెట్టిన సంఘం నిజంగా సంఘమైంది ఆ నెలలోనే అని ఒప్పుకోవాలి. సంక్రాంతి సెలవులయ్యాక ఒక గురువారం రాజోలే అందర్నీ వెంటబెట్టుకుని లాబ్‌లోకి వచ్చింది.

"తప్పయిపోయిందే నాది" అన్నాను ఆ రోజు, అందరి ముందూ.

"మీరు నా మంచికే చేసేరండి మేడం" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష నాదే. రాజోలు రికార్డు ఇచ్చి సంతకం పెట్టించుకుని, కదలకుండా నిలబడింది. "ఈ ఆదివారం నా బాప్తిస్మం అండి. మీరు రావాలండి."

ఎగిరి పడ్డాను. "ఇప్పుడేనా! పిచ్చిదానా, బీయెడ్ ఉంది, ఉద్యోగం ఉంది. రిజర్వేషన్ మీద ఉద్యోగం తెచ్చుకున్నాక తీసుకో. ఇంతకాలం ఆగినదానివి, ఇంకో రెండేళ్లు ఆగలేవా?"

"ఎప్పటిదాకా ఆగమంటారండి? ఉద్యోగం వచ్చేక ప్రమోషన్ అంటారు. ప్రమోషన్ వచ్చేక నా పిల్లల సీట్లంటారు. ఎప్పుడు ఆగడం అయిపోద్దండి?" అంది. ఆ పిల్ల నాతో మాట్లాడిన మాటల్లో అదే అన్నిటికన్నా పొడుగైనది. మళ్లీ మెత్తగా, "సీటు ఇచ్చేసేనండి. సామాను నిన్ననే ఇంటికి పంపేసేను. ఇంకెవరి దగ్గరా దాచవలసిందేం లేదండి" అంది.

తర్వాత ఏమైందని అడుగుతారు, ముందే చెప్పేస్తాను. నేను భయపడినట్టే అయింది. ఉద్యోగానికి అయిదేళ్లు పట్టింది. తనకంటే తక్కువ మార్కులు వచ్చినవాళ్లు ముందే మాస్టార్లయిపోయారు. ఈ పిల్ల ఆ అయిదేళ్లూ ఒక చిన్న ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పిల్లలకి సైన్సు చెప్పింది. ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. నేనే అనుకునేదాన్ని, ఇప్పటికీ అనుకుంటాను. ఆ మూల్యం ఆ పిల్ల చేత ఎందుకు కట్టించారు, ఏ న్యాయం ప్రకారం కట్టించారు అన్నదానికి నాకు జవాబు దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి.

ఆ ఆదివారం వెళ్లాను. కొత్తపేటా, ఇంకో పదిమంది సంఘం పిల్లలూ వచ్చారు. పంటు దాటి, బస్సు దిగి, కొబ్బరి తోటల మధ్య నుంచి కాలువ గట్టుకి నడిచాం. పేటవాళ్లందరూ వచ్చి ఉన్నారు. పాటలు పాడుతున్నారు. ఆ రోజు నీళ్లలోకి దిగేవాళ్లు నలుగురు. రాజోలు తెల్లచీర కట్టుకుని ఆఖరున నిలబడింది. వాళ్లమ్మ నన్ను చూసి దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మేమిద్దరం అలాగే చెయ్యీ చెయ్యీ పట్టుకుని గట్టున నిలబడ్డాం.

నడుం లోతు నీళ్లలో వాళ్ల చర్చి సంఘ పెద్ద నిలబడి ఉన్నారు. మెట్లు దిగి రాజోలు ఆయన పక్కకి వెళ్లింది. ఆయన మెల్లగా, లెక్కగా అడగడం మొదలుపెట్టారు. నువ్వు నమ్ముతున్నావా, అందరి ఎదుటా ఒప్పుకుంటున్నావా అని. ఆయన అడగడం పూర్తి కానివ్వలేదు ఆ పిల్ల.

"అవునండీ!" అంది.

అవతలి గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ పోతున్న మనిషి ఆగి తిరిగి చూశాడు. నా పక్కన కొత్తపేట భోరుమంది. మూడేళ్లు ఆ పిల్లకి పాఠం చెప్పాను. దానికి అంత పెద్ద గొంతుందని నాకు ఆ రోజే తెలిసింది.